అక్క నిలబడిన ముక్క

రెండవ తేదీ, ఆదివారం

ఈ పుస్తకంలో నా తెలుగు బాగుండదు. ఆ మాట ముందే ఒప్పుకుని మొదలుపెట్టడం మర్యాద అనిపించి రాస్తున్నాను. పగలంతా పడవ మీద తాళ్ళు కట్టి, సాయంకాలం తరగతుల్లో కూర్చుని నేర్చుకున్న భాష ఇది. అక్కడక్కడ ముడి బిగుసుకున్నట్టు ఉంటుంది. వాక్యం సరిగా నిలబడకపోతే దోషం నాది, నాకు అక్షరాలు నేర్పినవారిది కాదు. ఈ క్షమాపణ ఎవరికి చెబుతున్నానో మాత్రం తెలియదు. ఇది నా కోసం రాసుకుంటున్నది.

ఇక విషయం. మా మోటారు పడవ డెక్కు బల్లలు అరిగి నున్నబడిపోయాయి. రంగు వేసినా పట్టడం లేదు. కిందటి నెల ఒక పెద్దావిడ దిగబోతూ జారి మోచెయ్యి విరగ్గొట్టుకున్నది. తనిఖీ అధికారి వచ్చి చూసి, డెక్కు మీద జారని షీటు పరిస్తేనే ఈ నెలాఖరుతో అయిపోయే ప్రయాణికుల అనుమతిని పొడిగిస్తానని, ఇరవయ్యవ తేదీన వచ్చి చూస్తానని చెప్పి వెళ్ళాడు. అనుమతి రాకపోతే పడవను రేవులో కట్టేసి చూస్తూ కూర్చోవలసిందే. ముగ్గురం దాని మీదే బతుకుతున్నాము. స్టీరింగు అక్కది, ఇంజను బావది, తాళ్ళూ టికెట్లూ నావి.

నాన్న పోయినప్పటి నుంచి అక్కే నడుపుతోంది. నాన్నలాగే చెప్పులు లేకుండా నడుపుతుంది. ఇంజనులో తేడా వస్తే చెవికంటే ముందు అరికాలికి తెలుస్తుందని నాన్న అనేవాడు. నేను మాత్రం పట్టా పుచ్చుకున్న రోజు నుంచి బూట్లు లేకుండా పడవ ఎక్కలేదు. అది గర్వం కాదు, క్రమశిక్షణ.

భోజనాల దగ్గర అక్క అన్నది: "ఒరేయ్, ఈ షీటు సంగతి నువ్వే చూడు. చదువుకున్నవాడివి. నువ్వు ఏది బాగుందంటే అదే వేద్దాం."

"అయిపోయింది," అన్నాడు బావ. "ఇక ముందు ఒక వ్యాసం, వెనక ఒక ఉపసంహారం. షీటు వచ్చేసరికి పడవ మునుగుతుంది."

ఈ ఇంట్లో ఒక నిర్ణయం పూర్తిగా నా చేతికి రావడం ఇదే మొదటిసారి. దాన్ని తేలికగా తీసుకోను.

నాలుగవ తేదీ, మంగళవారం

షీట్ల దుకాణానికి వెళ్ళాను. గోడ పొడవునా చుట్టలు నిలబెట్టి ఉన్నాయి. కొత్త ప్లాస్టిక్ వాసనకు తల తిరిగింది. దుకాణదారు పొట్టిగా, చురుకుగా ఉన్నాడు.

"పడవ ఎంత పాతది సార్?"

"నాకంటే కొంచెం చిన్నది."

"అయితే కింద చెక్కే. చెక్కకి ఈ మెత్తటి ఫోమ్ షీటు వద్దు సార్. కాలికి హాయిగానే ఉంటుంది, కానీ ఒక ఏడాదికి అంచులు లేస్తాయి, కిందికి నీళ్ళు పోతాయి, బల్ల పుచ్చిపోతుంది. ఇదిగో, ఇది చూడండి."

అది గట్టి ప్లాస్టిక్ షీటు. బల్లలు వరసగా పేర్చి మధ్యలో నల్లటి గీతలు గీసినట్టు ఉంది. దూరం నుంచి చూస్తే నిజమైన టేకు అనుకోవలసిందే. లేత బూడిద రంగు, ఇసుక రంగు, ముదురు గోధుమ రంగు, ఇవి మూడూ ఉన్నాయి. బూడిద రంగు ఆసుపత్రి స్నానాలగదిని గుర్తుచేసింది. ఇసుక రంగు మీద ప్రతి మరకా కనబడుతుంది. ముదురు గోధుమ మాత్రం పెద్దవాళ్ళ విహార నౌకల డెక్కులా ఉంది.

"మీలాంటివాళ్ళు చూడగానే దాని మీదే చెయ్యి వేస్తారు సార్. ఇది మరకలని మింగేస్తుంది," అన్నాడు దుకాణదారు.

నమూనా ముక్కలు అడిగి తెచ్చుకున్నాను. తొందరపడి తేల్చేవాడిని కాను.

అయిదవ తేదీ

అక్క చెప్పు ఒకటి రేవు మెట్ల మీద వదిలేసి, ఒక కాలికే చెప్పుతో ఇంటిదాకా నడిచి వచ్చేసింది. వెనకాల ఒక ప్రయాణికుడు ఆ రెండో చెప్పు పట్టుకుని వచ్చాడు. అందరమూ నవ్వాము. ఎప్పుడూ ఏదో ఆలోచనలో ఉండే మనిషి.

ఎనిమిదవ తేదీ, శనివారం

ఈ రోజు పరీక్ష పెట్టాను. మధ్యాహ్నం పడవ రేవులో కట్టి ఉండగా నమూనా ముక్కలను ఎండలో పరిచాను. ఎండ బాగా ఎక్కేదాకా ఆగి, నీళ్ళు చల్లి జారుడు చూశాను. ఏదీ జారలేదు. తరువాత అరచేయి ఆనించి వేడి చూశాను. ముదురు ముక్క కొద్దిగా వెచ్చగా అనిపించింది. అరచేయి వెంటనే తీసేశాను, ఎందుకంటే అప్పటికే తెలిసిపోయింది.

బావ ఇంజను గదిలోంచి వచ్చి, చెప్పులు విడిచి, ముక్కల మీద వరసగా అడుగులు వేశాడు. బూడిద రంగు మీద నిలబడ్డాడు. ఇసుక రంగు మీద నిలబడ్డాడు. ముదురు ముక్క మీద కాలు పెట్టీ పెట్టగానే పక్కకు గంతు వేశాడు.

"పెనం రా ఇది. మనుషుల్ని ఎక్కించడానికా, వేయించడానికా?"

"ప్రయాణికులకు చెప్పులు ఉంటాయి బావా."

"మీ అక్కకి?"

అప్పుడు అక్క రేవు మీది నుంచి దిగి వచ్చింది. ఎవరో ఆమెను పిలిచి రేపటి మొదటి ట్రిప్పు గురించి అడిగారు. మాట్లాడుతూ మాట్లాడుతూ సరిగ్గా ఆ ముదురు ముక్క మీదనే నిలబడింది. రెండు పాదాలూ ఆనించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని తాపీగా నిలబడింది. ఆ మనిషి వెళ్ళాక నేను అడిగాను.

"అక్కా, కాళ్ళ కింద ఎలా ఉంది?"

ఆమె కిందికి చూసింది. చూసిన తరువాతే జవాబు చెప్పింది.

"బాగుంది. దీనికేం? ఇదే వెయ్యి."

నేను బావ వైపు తిరిగాను.

"మీ అక్క పాదాలు వేరే కంపెనీవి," అన్నాడు బావ, చెప్పులు తొడుక్కుంటూ. "నీ డిగ్రీకి సాక్ష్యం దొరికింది. ఇక కానివ్వు."

ఈ విధంగా విషయం తేలింది. నిష్పక్షపాతంగా తేలింది.

పదకొండవ తేదీ, మంగళవారం

నీళ్ళలో పడవను తోసే పంకాకు నాచు చుట్టుకున్నది. బావ కింద నుంచి తలుపు బాదుతూ అరిచేదాకా అక్క వేగం తగ్గించలేదు. ఇదివరకైతే ఇంజను గొంతు మారకముందే ఆమె లీవరు వెనక్కి లాగేది.

"నిద్రపోతున్నావా పైన?" అన్నాడు బావ.

"గాలి ఎక్కువగా ఉంది. వినబడలేదు," అన్నది అక్క.

గాలి అంత ఎక్కువగా లేదు. కానీ కొంత ఉన్నది.

పదిహేనవ తేదీ, శనివారం

మూడు పూటలు బల్లలను గరుకు కాగితంతో రుద్ది, ఆరబెట్టాము. అట్ట ముక్కలు పరిచి, తాళ్ళు కట్టే కొక్కేల చుట్టూ, నీళ్ళు పోయే రంధ్రాల చుట్టూ ఆకారాలు గీసి, వాటి ప్రకారం షీటు కోశాను. కోత నాది, జిగురు బావది. ఒక మూల వెంట్రుకవాసి సందు వచ్చిందని నేను మొత్తం ఊడదీయమన్నాను.

"ఒరే నాయనా, అక్కడ ఏ చీమ నడుస్తుందని? చీమ కూడా జారదు," అన్నాడు బావ. అయినా ఊడదీశాడు.

స్టీరింగు దగ్గర ముక్కను నేనే ఒంటరిగా అతికించాను. అక్క నిలబడే చోటు అది. అక్కడ గీతలు వంకర పోకూడదని ప్రత్యేకంగా శ్రద్ధ తీసుకున్నాను.

అక్క వచ్చి పడవను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, "నాన్న చూసి ఉంటే టికెట్టు లేకుండా ఎక్కించేవాడు కాదురా ఎవరినీ," అన్నది. ఆమె మామూలుగా మెచ్చుకునే మనిషి కాదు.

ఇరవయ్యవ తేదీ

తనిఖీ అయింది. అధికారి బూటు మడమతో రుద్ది చూసి, బకెట్టు నీళ్ళు పోయించి, సంతకం పెట్టాడు. "ఎవరు ఎంచుకున్నారు?" అని అడిగాడు. నేను అని చెప్పాను. ఎండలు బాగా ముదిరాయి.

ఇరవై మూడవ తేదీ, ఆదివారం

ఒక సంగతి. దీనికి ప్రాముఖ్యం ఉన్నదో లేదో తెలియదు.

మధ్యాహ్నం ట్రిప్పు అయ్యాక అక్క పడవ దిగి, సున్నం వేసిన రేవు మెట్ల మీదుగా వెళ్ళింది. వెనకనే నేను దిగాను. మెట్ల మీద తడి అడుగులు ఉన్నాయి. కుడి పాదానివి మాత్రమే. ముందు భాగం ఒక్కటే పడిన అడుగులు. డెక్కు అంతా పొడిగా ఉంది.

వెనక్కి వెళ్ళి స్టీరింగు దగ్గర చూశాను. అక్కడ ఏమీ కనబడలేదు. ఆ రంగు మీద ఏదీ కనబడదు.

గ్రీజు అయి ఉండాలి.

ఇరవై నాలుగవ తేదీ

గ్రీజే. బావ ఇంజను గదిలో ఈ మధ్య చాలా గ్రీజు వాడుతున్నాడు.

ఇరవై అయిదవ తేదీ, మంగళవారం

గ్రీజు ఎర్రగా ఉండదు.

బావ విడిభాగాల కోసం బజారుకు వెళ్ళాడు. అక్క వంటింటి గడప మీద కూర్చుని చాకుకు పదును పెడుతోంది. నేను ఎదురుగా నిలబడి, కుడి కాలు చూపించమన్నాను.

"ఎందుకు? డాక్టరు చదువు కూడా చదివావా నాకు తెలీకుండా?"

"చూపించు అక్కా."

"పనికిమాలిన వాడా, పో, తాళ్ళు ఆరబెట్టు."

నేను కింద కూర్చుని ఆమె పాదాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఆమె లాక్కోలేదు. బొటనవేలి కింద కండ భాగంలో చర్మం ఉబ్బి, పగిలి, లోపల పచ్చిగా ఉంది. అంచులు తెల్లబడ్డాయి. ఎడమ పాదం కూడా ఎర్రగా కమిలి ఉంది కానీ పగలలేదు.

జేబులో పెన్సిలు ఉంది. తీశాను.

"గోడ వైపు చూడు. పుండుకు దూరంగా, మడమ మీద ఆనిస్తాను. ఆనించినప్పుడు చెప్పు."

ఆమె గోడ వైపు చూసింది. కొంచెం ఆగి, "తెలుస్తోంది," అన్నది.

నేను పెన్సిలు ఇంకా ఆనించలేదు.

ఆ మాట ఆమెకు చెప్పలేదు. ఆమే నా మొహం చూసి అర్థం చేసుకున్నది. చాకు పక్కన పెట్టింది.

"కిందటి వానాకాలం నుంచి," అన్నది. "ముందు సూదులు గుచ్చినట్టు ఉండేది. తర్వాత అదీ పోయింది. దూది మీద నడుస్తున్నట్టే."

"షుగరు మందులు వేసుకుంటున్నావా?"

"గుర్తున్నప్పుడు."

"మరి ఇంజను సంగతి ఎలా తెలుస్తోంది నీకు?"

"నీళ్ళ తీరు చూసి. గొంతు విని. ఇన్నేళ్ళు నడిపినదాన్ని, ఊహించలేనా?"

"నాచు పడ్డ రోజు ఊహించలేదు."

"అది ఒక్కరోజు." నా మణికట్టు పట్టుకున్నది. "మీ బావకి చెప్పకు. చెప్తే రేపే నన్ను దింపేస్తాడు. నేను దిగితే పడవ అమ్మేస్తాడు. ఎప్పటినుంచో అతనికి రేవులో రిపేరు షెడ్డు పెట్టాలని ఉంది, నాకు తెలుసు. నాన్న పడవరా. ఈ వేసవి గడవనీ. ఆ తర్వాత నేనే చెప్తా."

మాట ఇచ్చాను. మాట ఇచ్చిన తరువాత తప్పడం నా స్వభావం కాదు.

ఇరవై ఆరవ తేదీ

అక్క కాలికి మందు రాసి గుడ్డ కట్టాను. చెప్పులు వేసుకోమన్నాను. ఊడిపోతే తనకు తెలియదని, ఊడిన చెప్పు లీవరు కింద పడితే ఇంకా ప్రమాదమని అన్నది. అది సబబైన వాదనే. మేజోళ్ళు కొని తెచ్చాను. వేసుకుని నవ్వింది.

"పెళ్ళికూతురిలా ఉన్నానా?"

బావ అడిగితే కాళ్ళు పగిలాయని చెప్పమన్నది. చెప్పాను. బావ నమ్మాడు. నా మాటను ఈ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనుమానించలేదు.

ఇరవై తొమ్మిదవ తేదీ, శనివారం

ఈ రోజు జరిగినది ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పడవ నిండా జనం. రేవు దగ్గర పడుతుండగా పంకాకు మళ్ళీ నాచు చుట్టుకున్నది. డెక్కు వణికింది. బూట్లలో ఉన్న నాకే తెలిసింది ఆ వణుకు. అక్క వైపు చూశాను. ఆమె ముందుకే చూస్తోంది, చెయ్యి లీవరు మీద కదలకుండా ఉంది. వెనక్కి లాగే క్షణం వచ్చింది, దాటిపోయింది. ఆమె లాగేసరికి పంకా బిగుసుకుపోయి పడవ ఆగలేదు. రేవు గోడకు పక్కగా కొట్టుకున్నాము. నిలబడి ఉన్నవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒక తల్లి పసిబిడ్డను గుండెకు అదుముకుని మోకాళ్ళ మీద కూలబడింది. బిడ్డకు ఏమీ కాలేదు. షీటు జారనిది కాబట్టి ఆమె నీళ్ళ అంచుదాకా దొర్లలేదు.

ఈ చివరి వాక్యం రాశాక చదువుకున్నాను. నిజమే. కానీ ఇది రాయడానికి నేను ఎంత త్వరపడ్డానో నాకే కనబడుతోంది.

"నాచు," అన్నది అక్క అందరికీ వినబడేట్టు. "ఈ ఏడు నాచు ఎక్కువ."

బావ ఇంజను గది మెట్ల మీద నిలబడి ఆమెను చూశాడు. తరువాత నన్ను చూశాడు.

"నాచే," అన్నాను నేను.

ముప్పయ్యవ తేదీ

పడవ రేవులో ఖాళీగా ఉన్నప్పుడు, మిట్టమధ్యాహ్నం, స్టీరింగు దగ్గరికి వెళ్ళి బూట్లూ మేజోళ్ళూ విప్పాను. అక్క నిలబడే చోట నిలబడ్డాను.

నిలబడలేకపోయాను. పక్కకు గంతు వేశాను, బావలాగే. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీశాను. ఈ అరికాళ్ళు చాలా కాలంగా ఎండ చూడనివి, మెత్తనివి, అందుకే అనుకుని మూడోసారి పెట్టాను. అనుకున్నది నిజం కాదు. నేను అతికించిన గీతలు ఒక్కటి కూడా వంకర లేవు.

ఆ రోజు అరచేయి ఎందుకు అంత త్వరగా తీశానో నాకు తెలుసు. ఆ రోజే తెలుసు.

అదే రోజు, తరువాత

బావ వంగి పంకా చూస్తున్నాడు. పక్కన కూర్చున్నాను. నా పాదాలు చూసి, "ఏంటి పండితులవారూ, బూట్లు తాకట్టు పెట్టారా?" అన్నాడు.

చెప్పాను. ముందు అనుకున్న వాక్యాలు ఏవీ రాలేదు. "అక్కకి అరికాళ్ళల్లో స్పర్శ లేదు బావా. కుడి కాలు కాలి పుండు పడింది. ఏడాదిగా ఊహించి నడుపుతోంది," అన్నాను. అంతే వచ్చింది.

బావ చేతిలోని పానాను నెమ్మదిగా కింద పెట్టాడు.

"పెనం అన్నాను కదరా," అన్నాడు. కోపంగా అనలేదు. "అన్నాను. అని, ఆమె నిలబడితే నవ్వాను. వేరే కంపెనీ పాదాలని నవ్వాను. పక్కనే పడుకునేవాణ్ణి, నాకు తెలియొద్దూ?"

"నేను మాట ఇచ్చాను బావా, చెప్పనని."

"ఇచ్చావు. తప్పావు. బాగా చేశావు. లే."

ఇద్దరం ఇంటికి వెళ్ళాము. బావ ఆమె చెప్పులు తెచ్చి ముందు పెట్టాడు. అక్క అతన్ని చూడలేదు. నన్నే చూసింది. పడవలో తగాదా పెట్టుకున్నవాళ్ళను కూడా ఆమె అలా చూడగా నేను ఎన్నడూ చూడలేదు.

"చదివించాను నిన్ను," అన్నది. ఆ తరువాత నాతో మాట్లాడలేదు.

మూడవ తేదీ, గురువారం

ఆసుపత్రిలో డాక్టరు, కాలు దక్కుతుందని, బొటనవేలి సంగతి ఇప్పుడే చెప్పలేనని అన్నాడు. కాలు నేలకు ఆనించకుండా ఉంటేనే అని రెండుసార్లు చెప్పాడు. నర్సు ఇంటికి వచ్చి కట్టు మారుస్తోంది. నడిచిన ప్రతి అడుగూ కట్టు మీద కనబడుతుందని, అబద్ధాలు చెల్లవని అక్కను కసిరింది. అక్క లేస్తోంది. ఎవరూ లేనప్పుడు లేచి, కిటికీ దాకా వెళ్ళి, పడవ చప్పుడు విని వస్తోంది. కట్టు చెబుతోంది.

ఆరవ తేదీ, ఆదివారం

స్టీరింగు దగ్గర ముదురు షీటును నేనూ బావా గోకి ఊడదీశాము. నేను అతికించినది కాబట్టి అన్నిటికంటే గట్టిగా పట్టుకుని ఉన్నది. బూడిద రంగు ముక్క వేశాము. మిగతా డెక్కు కూడా ఖాళీ దొరికినప్పుడల్లా మారుస్తాము. అధికారికి చెప్పాను. ఎంచుకున్నది ఎవరని అడిగినప్పుడు ఎలా చెప్పానో అలాగే చెప్పాను.

స్టీరింగు ఇప్పుడు బావ పట్టుకుంటున్నాడు. ఇంజను చూడడానికి రేవులో మనిషిని పెట్టుకున్నాము. పడవ అమ్ముతావా అని అడిగాను.

"ఎవరు అన్నారు?"

"అక్క."

"ఆవిడ దిగినంత మాత్రాన పడవ నేనెందుకు అమ్ముతాను? షెడ్డు సంగతి మీ అక్కే చెప్పి ఉంటుంది నీకు. అది నా చిన్నప్పటి కోరిక రా. కోరికలు చెప్పుకోకూడదు పెళ్ళాంతో," అన్నాడు. తరువాత: "ఈ మాట నువ్వే చెప్పు ఆమెకి. నేను చెప్తే మందు మింగించడానికి చెప్పాననుకుంటుంది."

నాతో ఆమె మాట్లాడడం లేదని గుర్తుచేశాను.

"మాట్లాడక్కరలేదు. నీకు రాయడం వచ్చు కదా."

ఎనిమిదవ తేదీ, మంగళవారం

కాబట్టి ఈ పుస్తకం నా తరువాత చదవవలసినది అక్క. బావ చదవాలంటే ఆమె అనుమతి కావాలి, ఎందుకంటే అతను మధ్యలో పైకి చదివి నవ్విస్తాడు, ఆమె నవ్వితే కాలు దించుతుంది.

మొదటి పేజీలోని క్షమాపణ ఆమెకే చెందుతుంది. నాకు అక్షరాలు నేర్పినది ఆమె. స్కూలు లేని పూటల్లో, ప్రయాణికులు ఎక్కకముందు, సుద్దముక్కతో ఈ డెక్కు బల్లల మీదనే రాయించేది. జనం ఎక్కి తొక్కితే చెరిగిపోయేవి, తిరుగు ప్రయాణంలో మళ్ళీ రాయించేది. సాయంకాలపు తరగతులకు నన్ను అవతలి ఒడ్డుకు దింపి, అయ్యేదాకా పడవలో కూర్చుని ఉండేది. నా వాక్యాల్లో నిలబడినవన్నీ ఆమెవి.

పడవ అమ్మడం లేదు. ఇది బావ మాట. పైన తేదీ వేసి ఉన్నది.

ఇచ్చిన మాట తప్పాను. దానికి క్షమాపణ చెప్పడం లేదు. కిందటి నెల ఎనిమిదవ తేదీ మధ్యాహ్నం ముదురు ముక్క మీది నుంచి అరచేయి తీసేసినందుకు చెబుతున్నాను.

చదివే పద్ధతి. కిటికీ దగ్గరి కుర్చీలో కూర్చోవాలి, అక్కడికి పడవ చప్పుడు వినబడుతుంది. కుడి కాలు స్టూలు మీద ఉండాలి. వేలు పెట్టి ఒక్కొక్క మాటా తన అలవాటు ప్రకారం నెమ్మదిగా చదవాలి. మధ్యలో లేవకూడదు. నేను తప్పులు రాస్తే ఊరుకునే మనిషి కాదు కాబట్టి, ఎర్ర పెన్సిలు చెక్కి పుస్తకంలోనే పెట్టాను. దానికోసం కూడా లేవనక్కరలేదు.